సగం సైజు

పోయిన నా స్నేహితుడి గురించి నేను రాసి పంపిన నాలుగు పేజీలను మన తెలుగు సంఘం వార్షిక సావనీరు కమిటీ వారు రెండేళ్ళు వరసగా వేయలేదు. మొదటి ఏడాది జాగా లేదన్నారు. ఆ ఏడాది సావనీరులో నిమ్మకాయ పులిహోర చేసే విధానం పేజీ నిండా ఉంది. రెండో ఏడాది ఏమీ అనలేదు. ఫోన్ చేస్తే అధ్యక్షులవారి భార్య తీసి, ఆయన స్నానం చేస్తున్నారన్నారు. మధ్యాహ్నం చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. అంత శుభ్రమైన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

పోయినాయన గురించి మాత్రం కమిటీవారు ఫోటో కింద మూడు ముక్కలు వేశారు. మృదుస్వభావి, మితభాషి, క్రీడాభిమాని. ఆయనకు ఏ ఆటా తెలియదు. ఎవరినైనా అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. ఆయనతో అందరికంటే ఎక్కువ కాలం గడిపినవాణ్ణి నేను. నన్ను అడగలేదు.

పేరు రాయవద్దని వాళ్ళావిడ కోరారు కనుక రాయను. నేను అడుగుతున్నది ఒక్కటే: ఆయన పోవడానికి ముందు ఆదివారం, ఆయన పక్కన కూర్చుని భోంచేసిన మనిషి ఎవరు? ఇది అందరినీ అడిగాను. సరైన జవాబు ఒక్కరూ ఇవ్వలేదు.

ఊరుకుందామనే అనుకున్నాను. కాని మొన్న శనివారం మా పక్కింటి అమెరికన్ వేట సీజనుకు తూటాలు కొనాలంటే తోడు వెళ్ళాను. తుపాకుల దుకాణంలో అద్దాల పెట్టె కింది అరలో ఒక రివాల్వర్ కనిపించింది. కొత్తగా వచ్చిన సైజట. కొట్టువాడు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. చిటికెనవేలు పిడి చివర సరిగ్గా ఆనింది. ఆ కొలత నా అరచేతికి ఏళ్ళ కిందటే తెలుసు. అప్పుడది చెక్కతో చేసి ఉంది.

*

ఆయన నాకు కోటు వల్ల పరిచయమయ్యారు. అది డెబ్బయ్యో దశకం చివర. మన ఇళ్ళలో విందు అంటే చలికాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. గుమ్మం దగ్గర బూట్లు విప్పడం, కోట్లన్నీ తీసుకెళ్ళి పడకగదిలో మంచం మీద పడేయడం. ఆ ఏడాది మనవాళ్ళలో సగంమంది ఒకే దుకాణంలో, ఒకే తగ్గింపు అమ్మకంలో, ఒకే బూడిదరంగు కోటు కొన్నారు. ఒక విందు నుంచి నేను ఇంటికి తెచ్చుకున్నది నా కోటు కాదు. హ్యాంగరుకు తగిలిస్తే కుడిపక్క కిందికి ఒరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"నా కోటు మీ ఇంటికి వచ్చినట్టుందండీ."

"ఎవరండీ మాట్లాడేది?"

"కోటు తాలూకు. జేబులో చెయ్యి పెట్టారా?"

"లేదండీ."

"పెట్టకండి. వస్తున్నాను."

వచ్చారు. పొట్టిగా, సన్నగా ఉన్నారు. నేను రెండు చేతులూ జోడించి నమస్కారం చేస్తే ఆయన ఎడమచెయ్యి ఒక్కటే గుండె మీద పెట్టుకుని తల వంచారు. పొగరు అనుకున్నాను. ఇలాంటివి నేను సాధారణంగా మరిచిపోను. తరవాత చాలాకాలానికి అడిగితే కారణం చెప్పారు: "నమస్కారం పెడితే రెండు చేతులూ పోతాయండీ. తిరిగి విడదీసేసరికి ఆలస్యమవుతుంది."

ఆ పొద్దున కోటు అందుకుని, కుడి జేబును అరచేత్తో కింద నుంచి తూచినట్టు ఎత్తి చూసుకుని, "ఉంది" అన్నారు. అప్పుడు తీసి చూపించారు. ఆరు గుళ్ళ రివాల్వర్. దానికి అనుమతి ఉందని చెప్పారు. ఆ కాగితం నేను చూడలేదు, అడగలేదు.

"ఎవరైనా మీ వెంటపడ్డారా?" అని అడిగాను.

"ఎవరో తెలిస్తే బాధేముంది? వాడి కొలత చూసుకుని దానికి తగ్గది కొనుక్కునేవాణ్ణి."

నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు.

*

ఆయన పని కార్ల కంపెనీలో సీట్లు తయారుచేయడం. మనిషి కూర్చుంటే నడుము ఎక్కడ వంగుతుంది, మోకాలు ఎక్కడికి వస్తుంది, పొట్ట మీద బెల్టు ఎక్కడ పడుతుంది అని కొలవడం. వాళ్ళ విభాగంలో ఏదైనా ముందు చెక్కలో చేసి, మనిషిని కూర్చోబెట్టి చూసి, ఆ తరవాతే ఇనుములోకి వెళతారు. అదే పద్ధతి ఆయన బతుకంతటికీ వాడారు. "నిలబడ్డ మనిషి ఏదైనా దాచగలడు. కూర్చున్న మనిషి దాచలేడు" అనేవారు.

ఆయన బాధ ఇది. దుకాణాల్లో అప్పుడు దొరికేవి రెండే. ఐదు గుళ్ళ చిన్నది, పిడి మరీ పొట్టి, చిటికెనవేలు గాలిలో వేలాడుతుంది. ఆరు గుళ్ళ పెద్దది, లావు, బరువు. కోటు జేబులో అయితే పెద్దది ఇముడుతుంది. కాని మన ఇళ్ళలో కోటు మంచం మీదికి పోతుంది. నడుముకు పెట్టుకుంటే ఇంకో చిక్కు. అమెరికన్ కుర్చీలో కూర్చుంటాడు, వాడికి ఫరవాలేదు. మనం భోజనానికి కింద బాసిపట్లు వేసుకుని కూర్చుంటాం. అప్పుడు పెద్దది పొట్టలో పొడుచుకుని లాల్చీ కింద గూడులా లేస్తుంది.

"వీళ్ళు కింద కూర్చోరండీ. అందుకే ఆ సైజు పుట్టలేదు" అనేవారు. "బూట్లకి ఏడు ఉంది, ఏడున్నర ఉంది, ఎనిమిది ఉంది. దీనికి ఆ సగం ఎందుకు లేదు?"

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళి ఇదే మాట గడ్డపు కొట్టువాడితో ఇంగ్లీషులో అన్నారు. వాడు ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అరచెయ్యి కొలిచి, "నీకోసం వేరే కంపెనీ పెట్టాలి మిత్రమా" అని నవ్వాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "పెట్టండి. ఆగుతాను" అన్నారు.

తుపాకులు చేసే కంపెనీలన్నింటికీ కొలతలు గీసి పంపారు. గొట్టం ఇంత, పిడి ఇంత, సిలిండర్ ఇంతకు మించి లావు ఉండకూడదు అని. ఒక్కచోటి నుంచీ జవాబు లేదు. ఒక కంపెనీ మాత్రం కొత్త సంవత్సరం క్యాలెండరు పంపింది. ఆయన దాన్ని గోడకు తగిలించుకున్నారు. నేనైతే చించి పారేసేవాణ్ణి. "అడ్రసైతే రాసుకున్నారు కదండీ" అన్నారు ఆయన.

ఆ తరవాత తానే మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేవారు. మేపుల్ చెక్కతో చెక్కి, లోపల తొలిచి సీసం పోసి, బరువు సరిచేసిన బొమ్మ తెచ్చేవారు. అది లాల్చీ కింద పెట్టుకుని మా ముందు గదిలో కార్పెట్ మీద బాసిపట్లు వేసుకుని కూర్చునేవారు.

"కనిపిస్తోందా?"

"కొంచెం."

లేచేవారు. వడ్డిస్తున్నట్టు వంగేవారు. మళ్ళీ కూర్చునేవారు. "ఇప్పుడు?"

మా ఆవిడ వంటింట్లోంచి చూసి, "పాపం ఆయనకి నడుం నొప్పా?" అని అడిగింది. అవునన్నాను. పోయేటప్పుడు ఆయనకు ఆముదం సీసా ఇచ్చి పంపింది. తీసుకున్నారు.

మరుసటి శనివారానికి చెక్క ఇంకొంచెం అరిగి వచ్చేది. ఒకసారి పిడి, ఒకసారి ముక్కు. చివరికి ఒక శనివారం అడిగారు, "కనిపిస్తోందా?" అని. నాకు ఏమీ కనిపించలేదు. అది ఎక్కడుందో తెలిసి కూడా కనిపించలేదు. ఆయన ఎదురుగా ఉత్త లాల్చీలో కూర్చున్న మనిషిలాగే ఉన్నారు. చెప్పాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. లాల్చీ సర్దుకుని, "అయితే వాళ్ళదీ కనిపించదన్నమాట" అన్నారు.

*

అప్పటికింకా అసలుది మాత్రం కోటు జేబులోనే ఉండేది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన డాక్టరుగారింట్లో ఒక ఆదివారం విందు. డాక్టరుగారిది వరంగల్ వైపు, చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. మగవాళ్ళమంతా ఇంటి కింద బేస్‌మెంటులో ఉన్నాం. చిన్నపిల్లల్ని ఎప్పటిలాగే పైన మంచం మీద కోట్ల మధ్య పడుకోబెట్టారు. ఆయన అలవాటు ప్రకారం గోడకు ఆనుకుని, మెట్లు కనిపించేలా కూర్చున్నారు.

మెట్ల మీద చప్పుడు. టక్. కాసేపు ఆగి, టక్. డాక్టరుగారి ఐదేళ్ళ కూతురు నిద్రకళ్ళతో దిగివస్తోంది. ఒక చేత్తో కోటు కాలరు పట్టుకుని వెనక ఈడ్చుకొస్తోంది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఆ కోటు మెట్టుకు కొట్టుకుంటోంది. టక్.

ఆయన లేచిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. పరుగెత్తలేదు. నీళ్ళలో నడిచినట్టు నడిచి వెళ్ళి, ఆ పాప చేతిలోంచి కోటును రెండు చేతులతో అందుకున్నారు.

"అంకుల్, ఈ కోట్ హార్డ్‌గా ఉంది. నా హెడ్‌కి తగుల్తోంది. నాకు నిద్ర రావట్లే."

"తల్లీ, జేబులో చెయ్యి పెట్టావా?"

"నో."

"ఎవరైనా పెట్టారా?"

"నో అంకుల్. ఇట్స్ కోల్డ్."

డాక్టరుగారు గట్టిగా నవ్వారు. "ఏంది సార్, జేబుల పానాలు, సుత్తెలు పెట్టుకొని తిరుగుతున్నరా? ఆదివారం గూడ డ్యూటీయేనా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. కాని ఆ రోజు భోజనం చేయలేదు. కారు దాకా తోడు వెళితే, తలుపు తీసి లోపల కూర్చుని, "తలకింద పెట్టుకుని పడుకుందండీ" అన్నారు. "ఇంక ఇది బయటికి రాదు."

రాలేదు. దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటినుంచి మన ఇళ్ళకు వచ్చినప్పుడు నడుముకు చెక్కదే పెట్టుకునేవారు.

"దానితో ఏం చేస్తారు?" అన్నాను.

"ఏమీ చేయలేను. అసలుది ఆ సైజులో వచ్చేదాకా చోటు ఖాళీగా ఉండకూడదు. ఖాళీగా ఉంటే తెలిసిపోతుంది."

"ఎవరికి?"

"తెలిసేవాళ్ళకి."

నేను ఇలాంటి మాటలు నమ్మే మనిషిని కాను. కాని అప్పటినుంచి ఏ విందుకు వెళ్ళినా నా కళ్ళు మెట్ల వైపే పోయేవి. ఎదుటివాళ్ళ లాల్చీల మీదికి పోయేవి. ఏమీ కనిపించకపోతే ఇంకా ఎక్కువ భయం వేసేది.

*

ఇక ఆ ఆదివారం. జనవరి, పగటిపూట. మళ్ళీ డాక్టరుగారి బేస్‌మెంటే. సత్యనారాయణ వ్రతం అయ్యాక కార్పెట్ మీద తెల్లదుప్పట్లు పరిచి రెండు వరసలు కూర్చోబెట్టారు. ఆయన గోడ వైపు వరసలో, నేను ఎదుటి వరసలో. సాంబారు వస్తోంది. అప్పుడు ఒకాయన మెట్లు దిగి వచ్చాడు.

ఇస్త్రీ చేసిన పొట్టిచేతుల చొక్కా, నల్లప్యాంటు. బయట మోకాలి లోతు మంచు. మనవాడే, తెలుగు ముఖమే. ఎవరో "రండి, రండి, కూర్చోండి" అన్నారు. ఎవరి బావమరిదో, చికాగో నుంచి ఎవరి తోడల్లుడో అనుకుంటాం. విస్తరి ముందు కూర్చోబోయే మనిషిని మీరెవరని మనం అడగం. అధ్యక్షులవారు కొంచెం జరిగి జాగా ఇచ్చారు. ఆ మనిషి ఆయనకూ అధ్యక్షులవారికీ మధ్య కూర్చున్నాడు.

ఆయన కాగితం పళ్ళెం కింద పెట్టారు. రెండు చేతులూ జోడించి, నిండుగా నమస్కారం చేశారు.

అన్నేళ్ళలో ఆయన రెండు చేతులూ కలపడం నేను చూడలేదు. దేవుడి ముందు కూడా చూడలేదు. వచ్చినవాడు తిరిగి నమస్కారం చేయలేదు. ఇద్దరూ చాలాసేపు నెమ్మదిగా మాట్లాడుకున్నారు. నాకు వినపడింది ఒక్క ముక్క.

"ఎన్నాళ్ళయింది?" అని ఆ మనిషి అడిగాడు.

"మీకే తెలియాలి" అన్నారు ఆయన.

భోజనం అయ్యాక బట్టలు ఉతికే మిషను పక్కన సింకు దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాను. ఆ మనిషి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి కడుక్కోలేదు. కడుక్కోవలసినట్టు లేదు కూడా. వేళ్ళకు ఒక్క మెతుకు అంటి లేదు.

"మీ స్నేహితుడి పనితనం బాగుంది" అన్నాడు. "చెక్కేగా?"

నేను చెయ్యి కడుక్కుంటూనే ఉన్నాను. పంపులో నీళ్ళు పోతున్నాయి. అతను కాసేపు ఎదురుచూసి, "సరే లెండి" అని మెట్లెక్కాడు.

నేను వెనకే వెళ్ళాను. పడకగది తలుపు తెరిచి ఉంది, మంచం మీద కోట్లు కుప్పగా ఉన్నాయి. అతను అటు తిరగలేదు. గుమ్మం దగ్గర బూట్ల కుప్ప ఉంది. అక్కడా ఆగలేదు. వీధి తలుపు తెరుచుకుని మూసుకుంది. నేను వెళ్ళి తీసేసరికి తెల్లటి ఎండ, వరసగా మన కార్లు. మనిషి లేడు. కారు కదిలిన చప్పుడు వినపడలేదు.

కిందికి వచ్చాను. ఆయన ఇంకా గోడకు ఆనుకునే ఉన్నారు.

"ఎవరండీ ఆయన?"

ఆయన నా ముఖంలోకి చూశారు. "మీకు తెలియదా?"

"నాకెలా తెలుస్తుంది?"

"సరే" అన్నారు. లాల్చీ కింద చెయ్యి పెట్టి చెక్కది తీసి, రుమాలులో చుట్టి నా చేతిలో పెట్టారు. అది వెచ్చగా ఉంది. "మీ దగ్గర ఉంచండి. నాకు ఇంక ఏ సైజూ అక్కర్లేదు."

*

ఆ వారంలోనే పోయారు. పట్టపగలు, ఆఫీసు పార్కింగ్ స్థలంలో, తన కారులో. ఇంజను ఆన్‌లో ఉంది. గుండె ఆగిందన్నారు. ఆగి ఉంటుంది. నేను కాదనను.

కారు ఇంటికి చేర్చడానికి నేనే వెళ్ళాను. ఆయన కారు గురించి నాకు తెలుసు. పక్కసీటు ఎప్పుడూ పూర్తిగా ముందుకు జరిపి ఉంచేవారు, అందులో ఎవరూ కూర్చోకుండా. వాళ్ళావిడ కూడా వెనకసీట్లోనే కూర్చునేవారు. ఆ రోజు అది కొసదాకా వెనక్కి జరిపి ఉంది, కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషికి సరిపోయేలా. ఈ సంగతి పోలీసుకు చెప్పాను. అతను కలం తెరవలేదు.

అప్పటినుంచి అడుగుతున్నాను. డాక్టరుగారికి ఫోన్ చేశాను. "మీ దోస్తే అనుకున్నం గదా అన్నా! సింక్ కాడ మీరే గదా ముచ్చట పెట్టింది?" అన్నారు. సాంబారు వడ్డించినావిడను అడిగాను. "మీ తమ్ముడు కాదా అండీ? అచ్చం మీ పోలికే కదా, ఆ నుదురూ అదీ" అంది. నాకు తమ్ముడు లేడు. ఆ నుదురు నా నుదురులా లేదు. ఆ మాట ఆమె నలుగురితో అన్నదని కూడా నాకు తెలుసు.

చివరికి వాళ్ళావిడకు చేశాను. ఆవిడ ఇప్పుడు ఫ్రీమాంట్‌లో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. నెమ్మదిగా అన్నారు: "అన్నయ్యగారూ, మీరు నన్నెందుకు అడుగుతున్నారో నాకర్థం కావట్లేదు. ఆ రోజు ఇంటికి రాగానే ఆయనే చెప్పారు కదా, ఇవాళ పక్కన కూర్చున్నాయన్ని మీరే పరిచయం చేశారని."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నేనూ కాదు.

అందుకే ఇప్పుడు అందరినీ వదిలి ఒక్కరినే అడుగుతున్నాను. అధ్యక్షులవారూ, ఆ మనిషికి జాగా ఇచ్చి జరిగింది మీరు. కూర్చోబోతూ అతను వంగి మీ చెవిలో ఒక మాట అన్నాడు. మీరు నవ్వారు. నవ్వి, తల తిప్పి, ఎదుటి వరసలో నన్ను చూశారు. నేను చూశాను. ఏమన్నాడు? ఎవరి పేరు చెప్పాడు? ఈ పేజీలు మీరు వేసినా వేయకపోయినా సరే, ఆ మాట ఏమిటో నాకు చెప్పండి.